దాచిన పని, కట్టని పన్ను: పౌరసత్వపు దరఖాస్తు ముందు ఒక ముస్లిం



గోదావరిఖని నుండి ఒక పెద్దాయన మాకు ఉత్తరం రాశారు. సింగరేణి గనుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. ఉత్తరం ఉర్దూలో మొదలుపెట్టి, అసలు విషయం వచ్చేసరికి తెలుగులోకి మారారు. ఆయన అనుమతితో, ఊరు తప్ప మిగతా ఆనవాళ్ళు తీసివేసి ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాము. ఇలాంటి ప్రశ్న మాకు రావడం ఇదే మొదటిసారి కాదు. ఇంత సూటిగా అడిగినవారు మాత్రం ఈయనే.

ఆయన కుమారుడు 2014లో చదువుకని అమెరికా వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు చేసిన అప్పు పెద్దది. విద్యార్థి వీసాపై ఉన్నవారు కళాశాల ప్రాంగణంలోనే, అదీ తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి. బయట పని చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఈ అబ్బాయి అనుమతి లేకుండానే రెండేళ్ళు రాత్రిపూట ఒక పెట్రోలు బంకు దుకాణంలో పనిచేశాడు. జీతం నగదుగా చేతికి ఇచ్చేవారు. దానిపై పన్ను కట్టలేదు. తరువాత హైదరాబాదు మూలాలున్న ఒక అమెరికా పౌరురాలితో నికాహ్ అయింది. గ్రీన్ కార్డు వచ్చింది. ఆ దరఖాస్తులో 'ఎప్పుడైనా అనుమతి లేకుండా పనిచేశారా?' అన్న ప్రశ్నకు 'లేదు' అని గుర్తు పెట్టాడు. గ్రీన్ కార్డు వచ్చాక కూడా శని ఆదివారాలు తెలిసినవారి దుకాణంలో నగదుకు పనిచేస్తూ, ఆ డబ్బు పన్ను లెక్కలో చూపలేదు. ఇప్పుడు పౌరసత్వానికి దరఖాస్తు చేయబోతున్నాడు. ఆ ఫారంలో మళ్ళీ ఇలాంటి ప్రశ్నలే. స్నేహితులు 'అందరూ లేదనే రాస్తారు, నువ్వూ రాయి' అంటున్నారట.

తండ్రి మూడు ప్రశ్నలు అడిగారు. మా వాడు 'లేదు' అని రాయవచ్చా? ఆ పని చేసి సంపాదించిన డబ్బు హలాలేనా? ఆ డబ్బుతో మేము గోదావరిఖనిలో రెండు గదులు వేసుకున్నాము, ఆ గదుల్లో మా నమాజు చెల్లుతుందా? మూడవ ప్రశ్న కింద ఆయన గీత గీశారు.

వీసా ఒక మాట

చాలామంది వీసాను ఒక ముద్ర అనుకుంటారు. షరీఅత్ దృష్టిలో అది ఒక వాగ్దానం. మన హనఫీ ఫుఖహా దీనిని 'అమాన్' అన్న శీర్షిక కింద చర్చించారు. ఒక ముస్లిం వ్యాపారి పరాయి రాజ్యంలోకి అభయం అడిగి ప్రవేశిస్తే, అక్కడివారి ప్రాణం గానీ సొమ్ము గానీ ముట్టుకోరాదు, ఎందుకంటే అభయం అడగడంలోనే తాను ద్రోహం చేయనన్న మాట ఇచ్చినట్లయింది అని హిజ్రీ 593లో మరణించిన ఇమామ్ మర్గీనానీ 'హిదాయా'లోని కితాబుస్సియర్‌లో రాశారు. ఆ మాట తప్పి ఏదైనా తెచ్చుకుంటే దానిని దానం చేసి వదిలించుకోమన్నారు. గమనించండి, ఇది ముస్లిములతో యుద్ధస్థితిలో ఉన్న రాజ్యం గురించి చెప్పిన మాట. చదువు చెప్పి, దవాఖానాలో చేర్చుకుని, జుమా నమాజుకు మస్జిదు కట్టుకోనిచ్చిన దేశం విషయంలో ఇంకెంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పాలా?

అవతలివాడు ముస్లిం కాడు గదా, ఒప్పందం మనల్ని కట్టివేస్తుందా అని కొందరు యువకులు మాతో వాదించారు. దీనికి బద్ర్ యుద్ధం నాటి ఒక ఘటన చాలు. హజ్రత్ హుజైఫా బిన్ యమాన్ (రజి), ఆయన తండ్రి కలిసి మదీనాకు వస్తుండగా ఖురైషులు పట్టుకున్నారు. యుద్ధంలో ప్రవక్త (స) పక్షాన పోరాడబోమని మాట తీసుకుని వదిలిపెట్టారు. బద్ర్‌లో ముస్లిములు మూడు వందల పైచిలుకు మంది మాత్రమే. ఒక్కొక్క మనిషి ఎంతో విలువైన రోజు అది. అయినా ఈ తండ్రీకొడుకులు వచ్చి జరిగింది చెప్పగా, ప్రవక్త (స) వారిని యుద్ధానికి తీసుకోలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోమని, సహాయం అల్లాహ్‌ను అడుగుదామని చెప్పారు. ఇది సహీహ్ ముస్లింలో ఉన్నది. మాట తీసుకున్నది మక్కా ముష్రికులు, అదీ బలవంతంగా. మన అబ్బాయి వీసా ఫారంపై సంతకం చేసినది ఎవరూ బలవంతం చేయకుండానే, పైగా హైదరాబాదులో కాన్సులేటు బయట వరుసలో నిలబడి.

ఒప్పందాలు నెరవేర్చాలని సూరా అల్ మాయిద తొలి వాక్యంలోనే విశ్వాసులకు ఆజ్ఞ ఉన్నది. ఇచ్చిన మాట గురించి ప్రశ్నించబడుతుందని సూరా బనీ ఇస్రాయీల్ 34వ వాక్యం హెచ్చరిస్తున్నది. కనుక అనుమతి లేని పని చేయడం గుణా. ఇందులో మాకు సందేహం లేదు.

ఇక్కడ ఒక మాట. ఈ అబ్బాయిని దొంగ అనడం మాకు ఇష్టం లేదు. రాత్రంతా కౌంటరు వెనుక నిలబడి, తెల్లవారి తరగతికి వెళ్ళిన కుర్రవాడు అతను. మన ప్రాంతం నుండి పోయిన పిల్లలు ఏ వడ్డీకి అప్పు చేసి పోతారో, మొదటి సెమిస్టరు ఫీజు కట్టాక జేబులో ఏముంటుందో మాకు తెలుసు. కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయంపై 2011లో దాడి జరిగినప్పుడు ఇరుక్కున్న విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారే ఎక్కువ. కొందరి కాళ్ళకు జాడ తెలిపే యంత్రాలు తగిలించారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అమెరికా ప్రభుత్వమే ఉత్తుత్తి విశ్వవిద్యాలయం పెట్టి పన్నిన వల 2019లో బయటపడినప్పుడు కూడా చిక్కినవారిలో తెలుగు పిల్లలు ఎందరో. చదువు పేరుతో వెళ్ళి పని వెతుక్కోవలసి రావడం ఒక్కరి కథ కాదు. పిల్లవాడి ఇబ్బంది తెలిసి కూడా అప్పు తీర్చమని నెలనెలా ఫోను చేసిన పెద్దలకూ ఇందులో వాటా ఉన్నది.

కూలి హలాలా, హరామా

ఇక రెండవ ప్రశ్న. ఫుఖహా ఇక్కడ రెండు విషయాలను వేరు చేస్తారు. పని స్వభావం ఒకటి, పనికి కుదిరిన తీరు మరొకటి. పని ధర్మసమ్మతమైనదే అయి, కుదిరిన తీరులో లోపం ఉంటే, గుణా ఆ లోపానిది. చేసిన చాకిరీకి తగిన కూలి మాత్రం పనివాడి హక్కే. లోపమున్న కూలి ఒప్పందంలో కూడా పని పూర్తయితే 'ఉజ్రతె మిస్ల్', అంటే ఆ పనికి లోకంలో ఇచ్చే కూలి, చెల్లించవలసిందేనని మన ఫిఖహ్ గ్రంథాల్లో ఉన్నది. కాబట్టి నేల తుడిచి, సరుకు సర్ది, పాలు, రొట్టె అమ్మి సంపాదించిన డబ్బు హరామ్ కాదు. మాట తప్పినందుకు తౌబా చేయాలి.

సింగరేణి ప్రాంతపు పాఠకులకు ఇది సులభంగా అర్థమవుతుంది. మారుపేర్ల సంగతి అక్కడ తెలియని ఇల్లు లేదు. పాత రోజుల్లో ఒకరి పేరున వచ్చిన పనిలో మరొకరు చేరిపోయారు. గనిలో బొగ్గు కొట్టింది ఒకరు, మస్టరులో పడింది ఇంకొకరి పేరు. ఇంట్లో ఒక పేరు, గని మీద ఒక పేరు. ఏళ్ళు గడిచాక కొడుకుకు వారసత్వ ఉద్యోగం అడిగే రోజున చదువు సర్టిఫికెట్టులో తండ్రి పేరు వేరు, కంపెనీ రికార్డులో వేరు అయ్యాయి. దరఖాస్తులు ఆగిపోయాయి. యూనియన్ ఎన్నికలు వచ్చినప్పుడల్లా మారుపేర్ల సమస్య పరిష్కరిస్తామన్న హామీ వినబడుతూనే ఉన్నది.

ఆ కార్మికుడు కొట్టిన బొగ్గు నిజం, మోకాళ్ళ నొప్పి నిజం, జీతం అతని హక్కు. పేరు మాత్రం అబద్ధం. పేరులో ఏముంది అనకండి. గనిలో పనిచేసే ప్రతి మనిషి వివరాలు రిజిస్టరులో ఉండాలని 1952 నాటి గనుల చట్టం చెప్పింది ఊరికే కాదు. పైకప్పు కూలిన రోజున లోపల ఉన్నది ఎవరో తెలియాలి, పరిహారం ఎవరి భార్యాబిడ్డలకు చేరాలో తెలియాలి. షరీఅత్‌లోనైతే ఇది ఇంకా బరువైన విషయం. తెలిసి తెలిసి తన తండ్రి కాని వానిని తండ్రిగా చెప్పుకోవడం గురించి బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఎంత తీవ్రమైన హెచ్చరిక ఉన్నదో ఆలిములను అడగండి. మారుపేరుతో పాటు చాలాచోట్ల తండ్రి పేరు కూడా మారింది మరి. అవసరం కొద్దీ ఒకనాడు చెప్పిన అబద్ధం ముప్పై ఏళ్ళ తరువాత కొడుకు తలుపు తట్టడం ఆ వాడల్లో కళ్ళారా చూశారు. ఉత్తరం రాసిన పెద్దాయన కూడా తన ప్రక్క క్వార్టరు వారి కథ రెండు వాక్యాల్లో రాశారు.

గల్ఫ్‌లో 'ఖల్లివల్లి'గా బతికిన మన జిల్లాల సోదరుల సంగతీ ఈ కోవలోదే. కఫీలు దగ్గర నుండి తప్పుకుని వేరొకచోట పనిచేసినవారు వారు. అక్కడ పౌరసత్వం ఆశ లేదు గనుక నిజం బయటపడితే జరిమానా లేక ఇంటిదారి. 2018లో, మళ్ళీ 2024లో యు.ఎ.ఇ. ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఎందరో అలా బయటపడ్డారు. వారి కూలి గురించి కూడా మా జవాబు ఇదే. జీతం ఎగ్గొట్టి పాస్‌పోర్టు గుంజుకున్న యజమాని నుండి పారిపోయిన వాని విషయం వేరు. అక్కడ ఒప్పందం ముందు తెంచినది యజమానే.

ఇంతవరకు చెప్పింది ధర్మసమ్మతమైన పనికి. ఆ బంకు దుకాణాల్లో సాధారణంగా బీరు, వైన్, లాటరీ టిక్కెట్లు కూడా అమ్ముతారు. పిల్లలు ఈ సంగతి ఇంట్లో చెప్పరు. మద్యం విషయంలో పది మందిపై శాపం ఉన్నదని హదీసు గ్రంథాల్లో వచ్చింది, అమ్మేవాడు ఆ పది మందిలో ఒకడు. ఈ భాగం కూలి విషయంలో 'మాట తప్పడం ఒక్కటే గుణా' అన్న సూత్రం పనికిరాదు. పని సమయంలో ఎంత భాగం ఆ అమ్మకాల్లో పోయిందో అబ్బాయి తన మనస్సాక్షిగా అంచనా వేసుకోవాలి. తక్కువ వేసుకోవడం కన్నా ఎక్కువ వేసుకోవడం మేలు. అంత డబ్బు పుణ్యం ఆశించకుండా బీదలకు ఇచ్చివేయాలి. ఒకేసారి కుదరకపోతే విడతలుగా ఇవ్వవచ్చు.

పన్ను కూడా బాకీయే

పన్ను విషయంలో మనవారి మాటలు విచిత్రంగా ఉంటాయి. సింగరేణి కార్మికుని జీతం నుండి ఆదాయపు పన్ను చేతికి రాకముందే కోసుకుంటారు. గని కార్మికునికి పన్ను మినహాయించాలని యూనియన్లు ఎంతోకాలంగా అడుగుతున్నాయి. అడగడం వారి హక్కు, అది బహిరంగంగా అడిగేది. నగదు చేతికి తీసుకుని లెక్కలో చూపకపోవడం వేరు. చేయని ఖర్చులు చూపించి 'రిఫండు తెప్పిస్తాం' అనే ఏజెంట్ల చేతికి ఫారాలు ఇవ్వడం ఇంకా వేరు. ఇస్లామ్‌లో జకాతు తప్ప పన్ను లేదు అన్న మాట ఇలాంటప్పుడే గుర్తుకు రావడం మాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ మాట అనేవారిలో జకాతు పూర్తిగా లెక్కకట్టి తీసేవారు ఎందరు?

అన్యాయంగా, బలవంతంగా వసూలు చేసే సుంకాలను హదీసులు ఖండించాయి, నిజమే. కానీ ఫుఖహా అన్ని పన్నులనూ ఒకే గాటన కట్టలేదు. 'నవాయిబ్' అన్న పేరుతో హిదాయాలోనే జమానతు ప్రకరణంలో చర్చ ఉన్నది. అందరూ వాడుకునే కాలువ పూడిక తీయడానికి, వాడకు కాపలా పెట్టడానికి ప్రజలపై వేసే వంతు న్యాయమైనదని, ఒకరు దానికి జమానతు ఉంటే అది చెల్లుతుందని రాశారు. జమానతు చెల్లిందంటే అది బాకీగా లెక్కకు వచ్చిందన్నమాట. రోడ్డు, మంచినీరు, బడి, అగ్నిమాపక బండి ఈ వంతు డబ్బుతోనే నడుస్తాయి. మన అబ్బాయి ఆ రోడ్డు మీదే పనికి వెళ్ళాడు.

ఒక అభ్యంతరం మేము వినీ విననట్లు పోలేము. ఆ ప్రభుత్వం ఆ డబ్బుతో ముస్లిం దేశాల మీద బాంబులు వేస్తుంది, కట్టకపోతే తప్పేమిటి అని అడుగుతారు. బాధ నిజమైనదే. అయితే ఆ బాధ ఉన్న మనిషి అదే ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేసి పౌరుడు కావడానికి ఎందుకు దరఖాస్తు చేస్తున్నాడు? పౌరసత్వం కోరిన చేతితోనే పన్ను ఎగ్గొట్టి, దానికి దీను పేరు పెట్టడం మాకు అంగీకారం కాదు. ఆ పాలన తప్పును ఎదిరించాలంటే ఓటు, మాట, నిరసన వంటి బహిరంగ మార్గాలు ఉన్నాయి.

అమెరికా చట్టం సంగతి కూడా తండ్రి తెలుసుకోవడం మంచిది. అనుమతి లేని పని ద్వారా వచ్చినా, ఆదాయం ఆదాయమే, పన్ను వర్తిస్తుంది. రిటర్ను అసలు దాఖలు చేయని సంవత్సరానికి కాలదోషం పట్టదు. దాఖలు చేసి కొంత దాచినవారు సవరించిన రిటర్ను వేయవచ్చు. ఒకేసారి కట్టలేనివారికి వాయిదాల ఒప్పందం ఉన్నది. ఆ వాయిదాలు సక్రమంగా కడుతున్న కాగితం పౌరసత్వపు దరఖాస్తులో అనుకూలంగా పనిచేస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా పౌరసత్వ సేవల విభాగం ఇచ్చిన మార్గదర్శకంలో, దరఖాస్తుదారు సత్ప్రవర్తన తూచేటప్పుడు బాకీ పన్నులు పూర్తిగా చెల్లించి ఉండటాన్ని దిద్దుబాటుకు ఆధారంగా చూడమని పేర్కొన్నారు. తౌబాలో మూడు పనులు ఉన్నాయి, తప్పు మానడం, సిగ్గుపడటం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం. ఇతరుల హక్కు చేరి ఉంటే నాలుగవది, ఆ హక్కు తిరిగి ఇవ్వడం. పన్ను ఈ నాలుగవ దానిలో పడుతుంది. ఇస్తిగ్ఫార్ ఎన్ని వందలసార్లు చదివినా ఆ బాకీ తీరదు.

చేయి ఎత్తి చెప్పేటప్పుడు

ఇప్పుడు అసలు ప్రశ్న. 'లేదు' అని రాయవచ్చా?

రాయరాదు.

అల్లాహ్ కప్పి ఉంచిన గుణాను మనిషి తానే బయటపెట్టుకోరాదని హదీసు ఉన్నది కదా అని అబ్బాయి స్నేహితుల్లో ఒకరు చెప్పారట. హదీసు సరైనదే, వాడిన చోటు తప్పు. రాత్రి చేసిన పాపాన్ని పగలు నలుగురిలో గొప్పగా చెప్పుకోవద్దని దాని భావం. అడిగే అధికారం ఉన్నవారు ప్రమాణం చేయించి అడిగితే అబద్ధం చెప్పమని కాదు. మౌనం వేరు, అబద్ధం వేరు. దారిన పోయేవారికి, మస్జిదులో పక్కవానికి, సోషల్ మీడియాలో ఇది చెప్పనవసరం లేదు. కాని ఫారం కింద సంతకం, ఇంటర్వ్యూ గదిలో కుడిచేయి ఎత్తి ప్రమాణం, ఈ రెండూ సాక్ష్యం. తమకు వ్యతిరేకంగానైనా సరే న్యాయసాక్ష్యం చెప్పాలని సూరా అన్ నిసా 135వ వాక్యం కోరుతున్నది. తెలిసి చేసే అబద్ధపు ప్రమాణాన్ని 'యమీనె గమూస్' అంటారు. అది మహాపాపాల జాబితాలో షిర్క్, తల్లిదండ్రుల అవిధేయత, హత్యల సరసన బుఖారీలో వచ్చింది. హనఫీ మతం ప్రకారం దానికి కఫ్ఫారా కూడా లేదు, తౌబా తప్ప. పరిహారం ఇచ్చి తీర్చుకునేంత చిన్నది కాదని అర్థం.

మాటను తిప్పి చెబితే? 'నాకు జీతం చీటీ ఎవరూ ఇవ్వలేదు, కాబట్టి అది ఉద్యోగమే కాదు' అని మనసులో అనుకుని 'లేదు' అంటే? దీనికి కూడా హదీసులో జవాబు ఉన్నది. ప్రమాణం చేయించేవాడు ఏ అర్థంలో అడిగాడో ఆ అర్థంలోనే ప్రమాణం లెక్కించబడుతుందని సహీహ్ ముస్లింలో ఉన్నది. అడిగేవాడు జాలిమ్ అయితే ఫుఖహా మినహాయింపు ఇచ్చారు. ఇక్కడ అధికారి మన ఇంటికి వచ్చి పీక పట్టుకోలేదు. మనమే ఫీజు కట్టి ఆయన గదికి వెళ్ళాము.

ఇద్తిరార్ అనే మాట కూడా ఇక్కడ చెల్లదు. ప్రాణం పోయే పరిస్థితి ఉంటే షరీఅత్ ఎన్నో సడలింపులు ఇచ్చింది. పౌరసత్వం అటువంటిది కాదు. గ్రీన్ కార్డుతో మనిషి అక్కడ ఉండవచ్చు, పనిచేయవచ్చు, పదేళ్ళ కార్డును మళ్ళీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు చేయకపోతే ఆకలితో మరణించడు. ఐచ్ఛికమైన ఒక సౌకర్యం కోసం అబద్ధపు ప్రమాణాన్ని అవసరం అనలేము.

బాధాకరమైన విషయం ఒకటి ఉన్నది. అమెరికా పౌరురాలి భర్తగా గ్రీన్ కార్డు అడిగినవానికి, పాత అనధికార పని ఒక్కటే కారణంగా దరఖాస్తు తిరస్కరించరాదన్న మినహాయింపు అక్కడి చట్టంలోనే ఉన్నది. అంటే అతను భయపడి దాచినది చట్టం ముందే మన్నించినది. మన్నించనిది దాచడమే. పౌరసత్వపు ఫారం 'ఎప్పుడైనా ప్రభుత్వ అధికారులకు తప్పుడు సమాచారం ఇచ్చారా?' అని అడుగుతుంది. మొదటి అబద్ధాన్ని కాపాడటానికి ఇప్పుడు రెండవది కావాలి. ఇమిగ్రేషను లాభం కోసం ప్రమాణం మీద చెప్పిన అబద్ధం చిన్న విషయమైనా సత్ప్రవర్తనకు అడ్డమేనని అక్కడి సుప్రీం కోర్టు 1988లో కుంగిస్ కేసులో చెప్పింది. వచ్చిన పౌరసత్వాన్ని క్రిమినల్ కేసులో రద్దు చేయాలంటే ఆ అబద్ధానికి పౌరసత్వం రావడంలో పాత్ర ఉండాలని 2017లో మాస్లెన్యాక్ కేసులో అదే కోర్టు పరిమితి పెట్టింది. ఆ పరిమితిని నమ్ముకోమని మేము చెప్పము. 2025 జూన్‌లో అక్కడి న్యాయశాఖ పౌరసత్వ రద్దు కేసులకు ప్రాధాన్యం ఇవ్వమని తన న్యాయవాదులకు ఉత్తర్వు ఇచ్చింది.

తబూక్ తరువాత

హిజ్రీ 9లో తబూక్ ప్రయాణం జరిగింది. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) వెళ్ళలేదు. రోగం లేదు, పేదరికం లేదు. అంతకు ముందెన్నడూ లేనట్లు ఆయన వద్ద రెండు ఒంటెలు ఉన్నాయి. రేపు బయలుదేరుదాం, ఎల్లుండి బయలుదేరుదాం అంటూ ఉండిపోయారు. ప్రవక్త (స) తిరిగి వచ్చాక ఎనభై మందికి పైగా వచ్చి తలా ఒక సాకు చెప్పారు. ప్రవక్త (స) పైకి చెప్పినది స్వీకరించి, లోపలిది అల్లాహ్‌కు వదిలారు. కఅబ్ (రజి) వంతు వచ్చింది. ఆయన కవి, వాదనలో దిట్ట. లోకంలో మరే మనిషి ముందు కూర్చున్నా ఏదో సాకు చెప్పి బయటపడగలనని, కాని ఈరోజు అబద్ధంతో మిమ్మల్ని మెప్పిస్తే రేపు అల్లాహ్ మీకు నాపై కోపం తెప్పిస్తాడని అన్నారు. నాకు ఏ సాకూ లేదని ఒప్పుకున్నారు.

బయటికి రాగానే ఆయన తెగవారే వెంటపడ్డారు. ఒక సాకు చెబితే నీ సొమ్మేం పోయేది, ప్రవక్త (స) నీ కోసం క్షమాపణ వేడేవారు కదా అని నిందించారు. ఎంతగా అంటే, వెనక్కు వెళ్ళి మాట మార్చుదామా అని తనకు అనిపించిందని కఅబ్ (రజి) స్వయంగా చెప్పారు. బుఖారీలోని ఈ సుదీర్ఘ హదీసులో మమ్మల్ని ప్రతిసారీ ఆపేది ఈ వాక్యమే. ఒక సహాబీ కూడా స్నేహితుల మాటలకు ఊగిసలాడారు. 'అందరూ లేదనే రాస్తారు' అన్న మాట కొత్తది కాదు. ఆయన నిలబడినది తనలాగే నిజం చెప్పినవారు మరో ఇద్దరు ఉన్నారని తెలిశాక.

ఆ తరువాత 50 రోజులు ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. 40 రోజులు గడిచాక భార్యకు కూడా దూరంగా ఉండమని ఆజ్ఞ వచ్చింది. ఆ మధ్యలోనే గస్సాన్ రాజు నుండి ఒక ఉత్తరం వచ్చింది. నీ నాయకుడు నిన్ను దూరం పెట్టాడని విన్నాము, మా దగ్గరికి రా, ఆదరిస్తాము అని దాని సారాంశం. ఒక రాజ్యం తనంతట తానే పిలిచి గౌరవం ఇస్తానంటున్నది! ఆయన ఆ ఉత్తరాన్ని తీసుకువెళ్ళి పొయ్యిలో వేశారు. 50వ రోజు ఉదయం ఆయన తౌబా స్వీకరించబడిన శుభవార్త వచ్చింది. సూరా అత్ తౌబా 118వ వాక్యం ఆ ముగ్గురి గురించే అవతరించింది.

కఅబ్ (రజి)కు 50 రోజులకు వచ్చినట్లు ఈ అబ్బాయికి కూడా వస్తుందని మేము మాట ఇవ్వలేము. నిజం చెబితే దరఖాస్తు తిరస్కరించబడవచ్చు. గ్రీన్ కార్డు పైనే ప్రశ్న రావచ్చు. భార్య ఉన్నది, పిల్లలు ఉన్నారు. ఈ సంగతి దాచి 'నిజం చెప్పు, అంతా మంచే జరుగుతుంది' అని రాయడం కూడా ఒక రకమైన అబద్ధమే అవుతుంది.

అందుకే తండ్రికి మేము ఇలా జవాబు రాశాము. దరఖాస్తు ఇప్పుడే పంపవద్దని మీవాడికి చెప్పండి. ముందుగా ఇమిగ్రేషను వ్యవహారాలు చూసే లైసెన్సున్న న్యాయవాదిని కలవాలి. ఫారాలు నింపే ఏజెంటు వద్దు, తెలిసిన అన్న వద్దు, మా వంటి మౌల్వీ కూడా వద్దు. న్యాయవాదికి చెప్పింది ఆయన వద్ద అమానతుగా ఉంటుంది, అక్కడి చట్టం కూడా దానిని కాపాడుతుంది. ఆయనకు మాత్రం ఏదీ దాచకూడదు, గ్రీన్ కార్డు ఫారంలో పెట్టిన 'లేదు' గుర్తుతో సహా. నిజం ఏ విధంగా, ఎప్పుడు చెప్పాలో ఆయన చెబుతారు. అబద్ధం రాయమని సలహా ఇస్తే మరొకరి దగ్గరికి వెళ్ళాలి. రెండవ పని, పన్ను నిపుణుని వద్ద కూర్చుని పాత సంవత్సరాల లెక్క తేల్చడం. పౌరసత్వం అడిగినా అడగకపోయినా ఇది చేయవలసిందే. బాకీ తీర్చే నిశ్చయం లేకుండా న్యాయవాది ఫీజు కట్టడంలో అర్థం లేదు. మూడవది, శని ఆదివారాల నగదు పనిని ఈ వారమే లెక్కలోకి తేవడం, లేదా మానేయడం.

పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుందని, మన రాజ్యాంగంలో రెండింటికీ చోటు లేదని, ఓ.సి.ఐ. కార్డు పౌరసత్వం కాదని కూడా గుర్తుచేశాము. గోదావరిఖనిలో తండ్రి పేర ఉన్న స్థలం విషయంలో ముందే ఆలోచించుకోవాలి కదా.

ఇక గీత గీసిన మూడవ ప్రశ్న. ఆ గదుల్లో మీ నమాజు చెల్లుతుంది. కొడుకు రాత్రుళ్ళు మేలుకుని చేసిన చాకిరీ డబ్బు అందులో ఎక్కువ భాగం, అది హలాల్. మద్యం అమ్మకం తాలూకు భాగం ఏదైనా ఉంటే అది మీ కొడుకు లెక్కకట్టి ఇచ్చివేయవలసిన బాధ్యత, గోడలు కూల్చే పని కాదు. అతను ఇవ్వలేని స్థితిలో ఉంటే, మీ పింఛను నుండి కొద్దికొద్దిగా మీరు అతని తరఫున ఇవ్వవచ్చు, అతనికి చెప్పి. మీ వాడలోనే కాంట్రాక్టు పనులు పోయి ఇంట్లో కూర్చున్నవారు ఉన్నారు, వారి పిల్లల బడి ఫీజుకు ఇవ్వండి. ఎందుకు ఇస్తున్నారో వారికి చెప్పనవసరం లేదు.